ముందు చక్రంలో గరగర

రాయవేలూరికి తూర్పువైపున, మద్రాసు నుండి బెంగుళూరికి పోయే పెద్దరోడ్డు మీద మా సత్తువాచారి ఉన్నది. ఉత్తరాన పాలారు, దక్షిణాన బోడికొండలు, నడుమ రోడ్డు. మొదట వేరే మునిసిపాలిటీగా ఉండి తరువాత వేలూరు కార్పొరేషనులో కలిసిపోయింది. జిల్లా కలెక్టరు కచ్చేరి ఇక్కడనే ఉండడంవల్ల, అర్జీలు పట్టుకొని వచ్చే పల్లెలవారికి ఊరి పేరుకంటె ముందు కచ్చేరి బస్‌స్టాపు తెలుసు. ఆ రోడ్డుకు ఒకప్పుడు 46 అని నెంబరు, ఇప్పుడు 48. నెంబరు మారింది గాని లారీల రాకపోకలు మారలేదు. ఇరువైపులా సర్వీసు రోడ్లు, వాటి వెంబడి టైర్లకు పంక్చరు వేసేవారు, వెల్డింగువారు, బ్యాటరీలవారు, పాత ఇనుము కొట్లు.

మేము ఇక్కడ కాపురం పెట్టి ఇరవైయేళ్లు దాటింది. రాత్రి పడుకొని, పోయే లారీ నిండుగా పోతున్నదో ఖాళీగా పోతున్నదో చప్పుడునుబట్టి చెప్పగలము. ఖాళీ లారీ గలగలలాడుతుంది, నిండుది మూలుగుతుంది. ఐతే పరుల బండి చప్పుడు వినడం వేరు, తల్లినీ పిల్లలనూ ఎక్కించుకొని మనం కూర్చున్న బండి చప్పుడు వినడం వేరు. ఆ భేదం మాకు మొన్నటి మే నెలలో, గుడియాత్తం శిరస్సు పండుగకు రెండు దినాల ముందు తెలిసివచ్చింది.

ఉత్తరార్కాటుతో చుట్టరికం ఉన్న చదువరులకు గుడియాత్తం గురించి చెప్పనక్కరలేదు. తక్కినవారికోసం నాలుగు మాటలు. వేలూరికి పడమరగా సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, కౌండిన్య నది ఒడ్డున ఉన్న ఊరు. అగ్గిపెట్టెలకు, లుంగీలకు పేరుపడింది. 1954లో కామరాజు ముఖ్యమంత్రి అయినప్పుడు శాసనసభకు ఎన్నికైనది ఇక్కడి ఉపయెన్నికలోనే. ఊరు దాటి వాయవ్యంగా పోతే పలమనేరు దారి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు కాగితం మీద గీత ఎక్కడ పడితేనేమి, ఆ గీత మా వియ్యపువారిని గాని, గంగమ్మను గాని ఆపలేదు. తిరుపతిలోనూ చిత్తూరులోనూ మే నెలలో గంగ జాతర జరిగినట్టే ఇక్కడ తమిళుల వైగాసి ఒకటవ తేదీన, అనగా మే 14న గాని 15న గాని, గంగమ్మ శిరస్సు ఊరేగుతుంది. తరణంపేట ముత్యాలమ్మ గుడి నుండి బయలుదేరిన అమ్మవారి శిరస్సును గోపాలపురం గంగమ్మ గుడికి తెచ్చి అక్కడ ఉన్న మొండెం మీద నిలుపుతారు. పరశురాముడు తల్లి రేణుక తల నరికిన కథ పిల్లలకు కూడ తెలిసినదే. వీధిపొడవునా కొట్టే టెంకాయలకు లెక్క ఉండదు.

మా అమ్మ పుట్టినది ఆ ఊళ్లోనే. ఇప్పుడామెకు 78 ఏళ్లు. ఆ దినం బస్సుల్లో కాలు పెట్టడానికి చోటుండదు. నిలబడి పోయే వయస్సు కాదు. అందువల్ల నాలుగేళ్లుగా మా కారులోనే తీసుకొనిపోతున్నాము. అది మేము కొనేనాటికే ఏడేళ్ల పాతది. గుమాస్తా జీతానికి అంతకంటె కొత్తది రాదు, మాకు అంతకంటె కొత్తది అక్కరా లేదు.

పండుగకని వచ్చిన మా తమ్ముడి సంసారాన్ని కాట్పాడి స్టేషనులో దింపుకొని పాలారు వంతెన మీదుగా ఇంటికి వస్తున్నాము. కిటికీ అద్దాలు దించి ఉన్నవి. వంతెన ఎక్కగానే ఎడమవైపు ముందు చక్రం దగ్గర నుండి ఒక చప్పుడు మొదలయింది. వంతెన పిట్టగోడకు తగిలి తిరిగి చెవిలో పడడంవల్ల స్పష్టంగా వినిపించింది. దిగువన ఏటిలో నీళ్లు లేవు. 2021 నవంబరులో ఇదే పాలారు గట్టులు తెగేటట్టు పారింది; మామూలుగా మాత్రం ఇసుకే. వంతెన దిగినా చప్పుడు ఆగలేదు. వేగం పెంచితే పెరిగింది, తగ్గిస్తే తగ్గింది. ఇంటి సందులో మెల్లగా తిప్పుతుంటే పక్కింటివారు కూడ తలెత్తి చూచినారు.

ముందు చక్రాలలో చప్పుడు వస్తే ఎందుకు ఉపేక్షించరాదో కొంచెం చెప్పవలసి ఉన్నది. ఎద్దులబండి తోలినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. పోతున్న బండిని ఒక్కసారి నిలిపితే సామానంతా ముందుకు జరిగి కాడి ఎద్దుల మెడ మీద పడుతుంది. కారుకూ అంతే. బ్రేకు తొక్కగానే బరువు ముందుకు వాలుతుంది గనుక బండిని ఆపే పనిలో పెద్దపాలు ముందు చక్రాలదే. దారి మళ్లించేదీ ఆ చక్రాలే. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చిన తరువాత ముందు చక్రాలే లాగే కార్లు మన వీధులలో మామూలయినవి. మాదీ ఆ రకమే. లాగడం, మళ్లించడం, ఆపడం, ఈ మూడు పనులూ ఒక జత మీద పడినప్పుడు వాటి మూలుగు వినకుండా ఎట్లా?

మరునాడు ఉదయం ఆఫీసుకు సెలవు చెప్పి, ఒక పెద్ద వర్క్‌షాపుకు తీసుకొనిపోయినాము. చల్లని గది, కాఫీ, గాజు తలుపులు. ఒక కుర్రవాడు స్టీరింగు కింద తీగె తగిలించి కంప్యూటరు చూచి, లోపమేమీ లేదన్నాడు. ఇంకొక పెద్దమనిషి చక్రం సందులోంచి లైటు వేసి చూచి, బ్రేకు ప్యాడు దండిగా ఉన్నది, కాబట్టి బేరింగే, రెండువైపులా మార్చాలి, దానితోపాటు మరి కొన్ని మారిస్తే మీకు చింత ఉండదు అన్నాడు. పద్నాలుగువేల అయిదువందల రూపాయలు, మూడు దినాలు. మాకున్నది ఒక దినం. కంప్యూటరు మీద మాకు కోపం లేదు. మా కారువంటి చిన్నకార్లలో ప్యాడు అరిగిందని గాని, బేరింగు మూలుగుతున్నదని గాని దానికి చెప్పే తీగెయే ఉండదు. తెలియనిది అదేమి చెబుతుంది? మనుష్యుడు బండిని ఒక్క ఫర్లాంగు కూడ నడిపి వినకపోవడమే మాకు నచ్చలేదు. ఆలోచించుకొని వస్తామని చెప్పి తిరిగివచ్చినాము.

సర్వీసు రోడ్డు పక్కన ఒక వేపచెట్టు కింద అరవైయేళ్లు దాటిన ఒక మేస్త్రి పని చేస్తాడు. సొంత ఊరు ఆరణి పక్క. ఇంట్లో తెలుగు, కొట్లో తమిళం, లారీవారితో హిందీ. అంబాసడరు కాలం నుండి ఈ పనిలో ఉన్నాడు. ఆయన దగ్గరికి పోయేసరికి అమ్మ, మా ఇంట్లో ఆమె, తొమ్మిదో క్లాసు చదివే మా అబ్బాయి కూడ బండిలో ఉన్నారు. బజారు పని చూచుకొని అట్లే పోదామని వచ్చినవారు.

మేస్త్రి బండిని ముట్టుకోలేదు. చేతులు తుడుచుకొంటూ, "ఏం సార్, బండి ఏమంటా ఉంది?" అన్నాడు.

ఎప్పటినుండి, ఎంత వేగంలో, మలుపులోనా తిన్నగా పోయేటప్పుడా, బ్రేకు తొక్కితే ఎక్కువవుతుందా, వానలో తడిసిందా, రివర్సులో వస్తుందా, ఇట్లా వరుసగా అడిగినాడు. వేలూరులో ఉండేవారికి ఈ ప్రశ్నల తీరు పరిచయమే. 1900లో ఐడా స్కడ్డర్ అనే దొరసాని ఒకే ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యశాల ఇప్పుడు దేశం నలుమూలల నుండి రోగులు వచ్చే సి.ఎం.సి. ఆసుపత్రి అయింది. అక్కడ కూడ సూది గుచ్చకముందు డాక్టరు కుర్చీ దగ్గరకు జరుపుకొని 'ఎన్నాళ్లనుండి' అనే అడుగుతారు.

"నాయిస్ వస్తా ఉంది అంకుల్" అన్నాడు మా అబ్బాయి.

"నాయిసు అంటే ఏ నాయిసు అబ్బయ్యా? కీచుమనేదా, టకటకా, గరగరా?"

వాడు ఆలోచించి, "బ్యాడ్ నాయిస్" అన్నాడు. మా ఇంట్లో ఆమె "గరగర" అన్నది. మేమూ అదే అన్నాము. మేస్త్రికి చాలలేదు. "గరగరలో శానా రకాలుండాయి సార్. తిరగలి మాదిరి ఉందా?"

అప్పుడు వెనుక సీటులోంచి అమ్మ అందుకొన్నది. "తిరగలి కాదు నాయనా. తిరగలైతే రాతి మీద రాయి, బొయ్యిమని చెవికి బరువుగా ఉంటుంది, ఎడతెగకుండా వస్తుంది. ఇది సానరాయికి కొడవలి ఆనించినట్టుంది. చక్రం ఒక చుట్టు తిరిగితే ఒక తడవ గట్టిగా, మళ్లా తగ్గి, మళ్లా గట్టిగా. పళ్లు జివ్వుమంటా ఉండాయి."

మేస్త్రి నవ్వలేదు. అమ్మవైపు తిరిగి, "అమ్మా, సానేనా, బాగా విన్నారా?" అన్నాడు. "తిరగలి తిప్పి పెంచినాను వీణ్ణి, నాకు తెలియదా" అన్నది అమ్మ.

"తిరగలైతే బేరింగు సార్. సాన అయితే ఇనుము ఇనుమును తాకేది. చూద్దాం."

ఐనా ఆయన మాటమీదనే నిలిచిపోలేదు. ఆ పద్ధతి మాకు నచ్చింది గనుక వివరంగా వ్రాస్తున్నాము. సర్వీసు రోడ్డు ఖాళీగా ఉన్నచోట ఆయనే నడిపినాడు, మేము పక్కన కూర్చొన్నాము. మొదట నలభై కిలోమీటర్ల వేగంలో స్టీరింగును మెల్లగా కుడికీ ఎడమకూ ఊపినాడు. కుడికి తిప్పితే బండి బరువు ఎడమ చక్రం మీద పడుతుంది. అప్పుడు మూలుగు పెరిగితే ఎడమ బేరింగు, అటు తిప్పినప్పుడు పెరిగితే కుడిది. మా బండిలో ఏ పక్కకు తిప్పినా మూలుగు లేదు. తరువాత స్టీరింగును కొసదాకా తిప్పి మెల్లగా గుండ్రంగా నడిపినాడు. చక్రానికి శక్తి అందించే ఇరుసు కీలు అరిగితే అప్పుడు టకటకమంటుంది. దాని రబ్బరు తొడుగు చినిగి కందెన కారిపోతేనే సాధారణంగా ఆ గతి పడుతుంది. టకటక రాలేదు. రివర్సులో పదిగజాలు పోయినాడు. డిస్కు వెనుక రేకులో గులకరాయి ఇరుక్కొంటే ఒక్కొక్కప్పుడు రివర్సులో జారి పడిపోతుందట. ఇసుక లారీలు పోయే మా రోడ్డులో అది తరచుగా జరిగేదే. పడలేదు. రాత్రి వానలో తడిసిన డిస్కు మీద తుప్పు పట్టి తెల్లవారి రెండు మూడు తడవలు గరగరమనేది వేరే ఉన్నది. అది బ్రేకు నాలుగుసార్లు తొక్కితే పోతుంది. మే నెల ఎండలో మాకు ఆ భాగ్యం లేదు.

చివరకు బ్రేకు మీద కాలు ఆనీ ఆనకుండా ఆనించినాడు. సాన గొంతు మారింది. సన్నగా ఉన్నది మొరటయింది. కాలు తీయగానే మళ్లా మొదటి స్వరం.

"అమ్మ చెప్పిందే" అన్నాడు.

చెట్టు కిందికి తెచ్చి జాకీ ఎత్తి, కింద చెక్కదిమ్మె పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపి చూచినాడు, లొడుగు లేదు. చేత్తో తిప్పితే ఒకచోట పట్టి పట్టి తిరిగింది. చక్రం ఊడదీసి చూస్తే బయటివైపు ప్యాడు దండిగా ఉన్నది. పెద్ద వర్క్‌షాపులో లైటు వేసి చూచినది ఈ ప్యాడునే. తరువాత కాలిపరు విప్పి లోపలి ప్యాడు తీసి మా చేతిలో పెట్టినాడు. దాని మీద అరగవలసిన పదార్థం ఒక మూల రేగుపండు తొక్కంత మిగిలింది. తక్కినదంతా వెనుకనున్న ఇనుపరేకు, అద్దంలాగా మెరుస్తున్నది. డిస్కు లోపలి ముఖం మీద గ్రామఫోను ప్లేటు మీద ఉన్నట్టు గాళ్లు పడినవి.

ఒకటి దండిగా ఉండి ఇంకొకటి పూర్తిగా అరగడమేమిటని అడిగినాము. ఈ చిన్నకార్లలో బ్రేకు నూనె నెట్టే పిస్టను లోపలివైపు ఒక్కటే ఉంటుంది. అది లోపలి ప్యాడును నెట్టుతుంది. ఆ నెట్టుడుకు కాలిపరు మొత్తం రెండు పిన్నుల మీద లోపలికి జరిగి, బయటి ప్యాడును కూడ డిస్కుకు ఒత్తుతుంది. రెండు చేతులు కలిస్తేనే చప్పట్లు. మా బండిలో ఒక పిన్ను రబ్బరు చినిగి, దుమ్మూ నీరూ చేరి, తుప్పు పట్టి బిగిసింది. కాలిపరు జరగడం మానుకొన్నది. బయటి ప్యాడు ఊరక కూర్చొని ఉంటే లోపలిది దాని పాలు పని కూడ చేసి చేసి అరిగింది. ఆఫీసులలో ఇట్టివి మేము చూడనివి కావు.

కొత్త ప్యాడుకు సుమారు పది మిల్లీమీటర్ల మందం ఉంటుంది. మూడుకు తగ్గితే మార్చవలసిందే. కొన్ని ప్యాడులకు చిన్న ఉక్కు నాలుక ఉండి, అరుగుదల దగ్గరపడగానే కీచుమని ముందుగా హెచ్చరిస్తుంది. మాదానికి ఆ నాలుక లేదు. అట్లే నడిపితే ఏమయ్యేదని మా ఇంట్లో ఆమె అడిగింది. డిస్కు ఇంకా కోసుకొనిపోయేది, పిస్టను మితికి మించి బయటికి వచ్చి నూనె కారిపోవచ్చు, అప్పుడు కాలు తొక్కినా బండి నిలవదు అన్నాడు మేస్త్రి. ఆ మాట విని ఆమె అబ్బాయిని దగ్గరకు లాక్కొన్నది. శిరస్సు నాడు గుడియాత్తం రోడ్డు ఎట్లా ఉంటుందో మాకు తెలుసు. బండ్ల నడుమ మనుష్యులు, మనుష్యుల నడుమ పిల్లలు.

పనివాడు గాలిగొట్టంతో దుమ్ము ఊదబోయినాడు. మేస్త్రి కసిరి తడిగుడ్డతో తుడిపించినాడు. వెనుకటి బ్రేకు లైనింగులలో ఆస్బెస్టాసు ఉండేది. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మహా చెరుపు. పాత సామానులో ఏమున్నదో ఎవరికి తెలుసు అన్నాడు. మొదటి అంబాసడర్లకు ముందూ వెనుకా డ్రమ్ము బ్రేకులే; లైనింగును రివెట్లతో బిగించేవారు; అరిగితే రివెట్ల తలలు డ్రమ్మును గీరేవి. ఆ చప్పుడు కూడ సానేనట. బండ్లు మారినా ఇనుము భాష మారలేదని ఆయన అనుభవం.

డిస్కులు రెండింటినీ స్కేలుతో కొలిచి, ఇంకా చెక్కడానికి మందం ఉన్నదని చూచుకొని, లేతు మీద పైపొర తీయించినాడు. ప్యాడులు రెండు చక్రాలకూ కొత్తవి, ఎందుకంటే ఒకవైపే మారిస్తే బ్రేకు తొక్కినప్పుడు బండి పక్కకు లాగుతుంది. పిన్నులు శుభ్రంచేసి, రబ్బరు తొడుగులు మార్చి, వేడికి తాళే బ్రేకు గ్రీజు పట్టించినాడు. మామూలు గ్రీజు పెడితే రబ్బరు ఉబ్బి మళ్లా బిగుస్తుందట. అన్నట్టు మాకు దగ్గరలోనే షోళింగూరులో, మన పెద్దలు ఘటికాచలం అనే నరసింహక్షేత్రంలో, బ్రేక్స్ ఇండియా వారి పెద్ద పోతశాల ఉన్నది. దేశంలో తిరిగే ఎన్నో బండ్ల బ్రేకు సామాను అక్కడ పోతపోసినదే. ఆ కొండ ఎక్కి స్వామిని చూచినవారు కిందనున్న ఈ పొగగొట్టాల సంగతి అడుగరు.

మొత్తం రెండువేల ఎనిమిదివందల రూపాయలయింది. పొద్దు వాలేసరికి బండి చేతికి వచ్చింది. కొత్త ప్యాడు డిస్కుకు ఒరుసుకొని కుదురుకొనేదాకా గట్టిగా తొక్కవద్దు, ముందు బండికి దూరంగా పొండి అని చెప్పి పంపినాడు. డబ్బు ఇస్తుంటే, గంగమ్మ టెంకాయ ముక్క తెచ్చిపెట్టమని అమ్మను అడిగినాడు.

మరునాడు తెల్లవారుజామున నాలుగు కాకముందే బయలుదేరినాము. వేలూరు కోట దగ్గరికి పోకుండా పెద్దరోడ్డునే పడమరగా పట్టి, కోనవట్టం దాటి, పాలారును కుడిచేతివైపు ఉంచుకొని పళ్లికొండ దాకా. అక్కడ రంగనాథస్వామి ఉన్నాడు. అమ్మ చీకటిలోనే ఆ దిక్కుకు దండం పెట్టింది. పళ్లికొండలో కుడికి మళ్లి ఏరు దాటితే గుడియాత్తం దారి. అద్దాలు దించే ఉంచినాము. ఎవ్వరమూ మాట్లాడలేదు, అందరమూ చక్రమే వింటున్నాము. టైరు రోడ్డును రాసుకొనే చప్పుడు, గాలి, ఎక్కడనో రైలు కూత. అంతే. మామిడితోపుల దగ్గర వేగం తగ్గిస్తూ బ్రేకు మీద కాలు పెట్టితే మెత్తని చప్పుడొకటి వచ్చింది. మా ఇంట్లో ఆమె ఉలిక్కిపడింది. అబ్బాయి అవ్వ చెవిలో, "ఇది ఏ మాదిరి అవ్వా?" అన్నాడు.

"జల్లెడ" అన్నది అమ్మ. "పిండి జల్లిస్తా ఉంది. ఏం ఫరవాలేదు, పోనీ."

ఊరి పొలిమేరలోనే పోలీసువారు బండ్లు నిలిపివేసినారు. అక్కడి నుండి అమ్మను ఆటోలో కొంతదూరం, తరువాత మెల్లగా నడిపించి, గోపాలపురం దారిలో ఒక అరుగు మీద కూర్చోబెట్టినాము. ఆ ఇంటివారు ఎవరో తెలియదు. తెలుగువారే, మంచినీళ్లిచ్చి, మీది ఏ ఊరని అడిగి, అమ్మ పుట్టింటి వీధి పేరు చెప్పగానే మరికొంచెం జరిగి చోటిచ్చినారు. బాగా పొద్దెక్కిన తరువాత పంబలూ ఉడుకలూ దగ్గరపడినవి. పూలదండల బరువులో శిరస్సు కనబడీ కనబడక సాగివచ్చింది. టెంకాయలు పగిలే చప్పుడులో మా అబ్బాయి ఏదో అడుగుతున్నాడు. అమ్మ వాడి చెవి దగ్గర నోరుపెట్టి చెబుతున్నది. ఏమి చెప్పిందో మాకు వినబడలేదు.